నిధికి పోగులు

ఆ ఆదివారం పొద్దున డ్యూటీకి పోతూ, గడపలో చెప్పులు తొడుక్కుంటూ చెప్పింది మా చెల్లె.

"అన్నా, ఇయ్యాల ఒక్కపూట ఆడుత. ఆదివారం మధ్యానం డ్యూటీ ఎవలన్న చేస్తరా అని మా మేడం అడుగుతున్నది. వచ్చే వారం సంది నేనే చేస్తనని చెప్పేస్త. ఇగ మీరు మీరు ఆడుకోండ్రి."

నా నోట్లో బ్రష్షు ఉంది. నురగ ఉమ్మేసి వచ్చేసరికి ఆమె గేటు దాకా పోయింది. "ఏమైందే? ఎవడేమన్నడు?" అని అరిచాను.

"ఎవలేమంటరు? నువ్వు మంచిగనే పంచుతవు. వాళ్ల వాటా వాళ్ల దగ్గర్నే ఉంటది, నా వాటా వాళ్ల ఒంట్లెకు పోతది. గంతే."

గేటు వేసి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. పంపకంలో నన్ను వేలెత్తి చూపే మొనగాడు ఇంకా పుట్టలేదని నా నమ్మకం. అలాంటిది ఇంట్లో మనిషే వేలు చూపించి పోతే ఎట్లుంటుంది?

ఇది ఇల్లూ పొలం పంచుకునే గొడవ కాదు. ఆట గొడవ, ఆ ఆటలో దొరికే నిధి గొడవ. రెండువేల పదకొండు ఎండాకాలం సంగతి.

ఆ ఆట మా దిక్కు ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పాలి. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. "ఎదురుగా గుహ ఉంది, లోపల్నుంచి గురక వినిపిస్తున్నది" అని నేనంటే, లోపలికి పోవాలా పారిపోవాలా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. కత్తి దూస్తే తగిలిందా లేదా అన్నది అదృష్టం తేలుస్తుంది. కొన్నాళ్లు హైదరాబాదులో ఒక ఆఫీసులో పనిచేసినప్పుడు అక్కడి కుర్రాళ్ల దగ్గర నేర్చుకున్నాను. వాళ్ల దగ్గర ఇరవై ముఖాల పాచిక ఉండేది. సూర్యాపేటలో అలాంటిది ఎవడమ్ముతాడు? హౌసీ ఆట డబ్బాలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్లలు ఏరి, చెల్లె కుట్టిచ్చిన గుడ్డసంచిలో వేశాను. వంతు వచ్చినవాళ్లు సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ల తీసి, చూడకుండా నా చేతిలో పెట్టాలి. నేను చూసి అంకె చెప్పాలి. పెద్దదొస్తే దెబ్బ తగిలినట్టు, చిన్నదొస్తే గాలికి పోయినట్టు. ముందు నేనే చూడాలన్న పద్ధతి కూడా నేనే పెట్టాను. కథ చెప్పేవాడికి ఆ మాత్రం పెద్దరికం ఉండొద్దా?

ఆడేవాళ్లు ముగ్గురు. ఒకడు డిగ్రీలో నా పక్క బెంచీవాడు, కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకునేవాడు. ఆంధ్ర సరిహద్దు ఊరు కదా, వాడి మాట సగం మాది, సగం ఆంధ్రది. ఆటలో వాడు వీరుడు. శత్రువు మీదికి ముందు దూకేదీ వాడే, దెబ్బలు తినేదీ వాడే, నిధి కనబడితే ముందు చెయ్యి పెట్టేదీ వాడే. రెండోవాడు కూడా మా క్లాసువాడే. మిర్యాలగూడలో రైసుమిల్లు ఆఫీసులో ఉద్యోగం, సొంతూరు నిడమనూరు పక్కన. తాతల కాలం నుంచి వాళ్లింట్లో గొర్ల మంద ఉంది. ఆటలో మంత్రగాడు. తక్కువ మాట్లాడతాడు గానీ, ఒకసారి పట్టు పట్టాడంటే ఉడుంపట్టే.

మూడో మనిషి మా చెల్లె. సూర్యాపేటలోనే ఒక ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సు. ఇద్దరం ఒకే కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆట మొదలుపెట్టిన నాడు, ఎవరెవరు ఏ మనిషి అనుకుంటున్నప్పుడు, "నువ్వు నర్సువే గద, నువ్వు మందులమ్మవు" అన్నాం ముగ్గురం ఒక్క గొంతుతో. ఆమె సరే అంది. ఇక అప్పట్నుంచి వీరుడికి గాయమైతే మందు, మంత్రగాడికి తేలు కుడితే మందు. "చెల్లె, జర సూడు" అంటే చాలు, సీసా మూత తీసేది.

నిధి పంచడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో రాకాసులకంటే అదే పెద్ద తలనొప్పి. ఒకడికి మంచి కత్తి దొరికిందంటే ఆ రోజు నుంచి వాడే కథానాయకుడు, మిగతావాళ్లు వాడి వెనక సామాను మోసేవాళ్లు. అట్లని ఎవరికీ ఏమీ దొరకనీయకపోతే, ఎండలో బస్సెక్కి ఎందుకొచ్చాం అంటారు. ఒకసారి వీరుడికి మాయడాలు దొరికితే మంత్రగాడు కొన్ని వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. అందుకని నేనొక లెక్క పెట్టుకున్నాను. ప్రతి వస్తువుకూ వరహాల్లో ఒక ధర. కత్తి ఇంత, ఉంగరం ఇంత, మందు సీసా ఇంత. ఎవరి వాటా కూడినా ఒకే మొత్తం రావాలి. వచ్చేది కూడా.

అయినా ఒకసారి చెల్లెకు రక్షణ ఉంగరం ఒకటి దొరికేలా కథ చెప్పాను. కోదాడవాడు వెంటనే లేచాడు. "ఏంట్రా ఇది? చెల్లెలికి దోచిపెడుతున్నావా? పిల్లులకు రొట్టె పంచిన కోతివిరా నువ్వు!" నవ్వుతూనే అన్నాడు గానీ, మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ తరవాత ఆమెకు ఒక్క వరహా కూడా ఎక్కువ పోనియ్యలేదు. ఆమె వాటా ఎప్పుడూ మందు సీసాలే. కత్తి ధరెంతో అన్ని సీసాలు, లెక్క సరిపోయేది.

ఆ పొద్దున చాయ్ తాగుతుంటే తట్టింది నాకు, ఆమె మాట ఏమిటో. కత్తి వీరుడి దగ్గరే ఉంటుంది. ఉంగరం మంత్రగాడి వేలికే ఉంటుంది. సీసా మాత్రం ఖాళీ అయిపోతుంది, అదీ ఇంకొకడి గొంతులో. లెక్కలో సమానమే, చేతిలో మాత్రం ఏమీ మిగలదు.

కోపం పోయి భయం పట్టుకుంది. మందులమ్మ లేకపోతే మా ఆట ఒక్క వారం కూడా నడవదు, అది ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటి. ఆదివారం తప్ప ఆమెకు అన్నీ రాత్రి డ్యూటీలే. నేను పొద్దున కాలేజీకి పోతే ఆమె డ్యూటీ దిగి పడుకునేది. నేను వచ్చేసరికి ఆమె పోయేది. గిన్నె మీద మూత పెట్టి "కూర ఉంది" అని ఫోన్‌లో మెసేజ్ కొట్టుకునే అన్నాచెల్లెళ్లం మేము. వారం మొత్తంలో మేమిద్దరం ఎదురెదురుగా కూచునేది ఆ ఆదివారం మధ్యాహ్నమే. అది కూడా పోతే ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు కిరాయిదార్లుగా మిగులుతాం.

ఏదో ఒకటి చెయ్యాలి, అదీ ఆ మధ్యాహ్నంలోపలే. అదృష్టం కొద్దీ ఆ వారం కథలో వాళ్లు రాకాసి గుహ చేరాలి, అక్కడ పెద్ద నిధి దొరకాలి. కూచుని ఆలోచించాను. వీరుడికి కొండను చీల్చే కత్తి. మంత్రగాడికి నిప్పులు కక్కే దండం. చెల్లెకు? తరగని మందు కుండ! ఎంత పోసినా నిండుగానే ఉంటుంది, ఎప్పటికీ ఆమె దగ్గరే ఉంటుంది. ధర కూడా కట్టాను, కొన్ని వరహాలు అటూ ఇటూ కలిపితే మూడూ సమానం. ఎవడూ వేలెత్తలేడు. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంకో చాయ్ పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ముందుగా మిర్యాలగూడవాడు వచ్చాడు. కోదాడవాడు ఆలస్యంగా, చెమటతో తడిసి వచ్చాడు. దారిలో రాస్తారోకో అట, బస్సు ఆగిపోయిందట. తెలంగాణ ఉద్యమం రోజులవి, ఎక్కడ చూసినా వాటాల మాటే. బస్టాండులో, చాయ్ బండి దగ్గర, కటింగ్ షాపులో, నీళ్లు ఎవరివి, కొలువులు ఎవరివి అనే. మేము మాత్రం ఆట దగ్గర ఆ ముచ్చట తీయొద్దని ఒట్టు పెట్టుకున్నాం.

చివరికి చెల్లె వచ్చింది. పొద్దున్నుంచి క్యాజువాలిటీలో నిలబడి వచ్చిన మనిషి, బట్టలు మార్చుకుని, చాప మీద గోడకు ఆనుకుని కాళ్లు చాపింది. మొహం పీక్కుపోయి ఉంది. నా దిక్కు చూడలేదు.

కథ మొదలుపెట్టాను. గుహ చేరారు. రాకాసి వేటకు పోయింది, ఏ క్షణమైనా తిరిగి రావచ్చు. లోపల నిధి. వస్తువుల పేర్లు రాసిన చీటీలు చాప మీద పెట్టాను. ఏది ఎవరికని నేను నోరు తెరిచే లోపలే కోదాడవాడు కత్తి చీటీ మీద చెయ్యి వేశాడు.

"కత్తి నాది. ఆ వరహాలు కూడా నాకే రావాలి. దెబ్బలన్నీ తినేది నేనే కదా!"

మంత్రగాడు తలెత్తాడు. "కత్తి తీస్కో. పైసలెందుకు నీకు? అవి అందరియి."

"నేను ముందు నిలబడకపోతే మీరెవరూ గుహ దాకా వచ్చేవాళ్లే కాదు."

"మీరెప్పుడు గింతే. ముందుగాల వచ్చి కూసుంటరు, అంత మాదే అంటరు."

"మీరు అంటే? మీరు అంటే ఎవర్రా?"

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగింది. కోదాడవాడి మెడ మీద నరం ఉబ్బి కనిపిస్తోంది. ఒట్టు గట్టు మీద పెట్టేసినట్టే ఉంది వ్యవహారం. ఒక్క మాట అటు ఇటు అయితే ఇద్దరూ చెప్పులేసుకుని వెళ్లిపోతారు, ఆమె డ్యూటీ వేయించుకుంటుంది, నా ఇల్లు ఖాళీ అయిపోతుంది.

"అరే, నా మాట వినుండ్రి, నేను లెక్క కట్టే పెట్టిన, మూడు వాటాలు సమానమే" అంటూ ఏదో సర్దబోయాను. ఇద్దరూ ఒకేసారి నా మీదికి తిరిగారు. నీ లెక్క నువ్వే ఉంచుకో అన్నారు. అందులో మాత్రం ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది.

మిర్యాలగూడవాడు కాసేపు చీటీల దిక్కు చూసి అన్నాడు. "పోగులేద్దాం."

మా దిక్కు పండుగకో దావతుకో నాలుగిళ్లవాళ్లు కలిసి యాటను కోస్తే మాంసం తూకం వెయ్యరు. మోదుగాకుల మీద పోగులు పెడతారు. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత బొక్క, ఇంత కార్జం పడాలి. పెట్టడం అయ్యాక ఒకడు పోగులకు వీపు పెట్టి నిలబడతాడు. ఇంకొకడు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవలకు?" అని అడుగుతాడు. చూడని మనిషి ఎవరి పేరు చెప్తే ఆ పోగు వాళ్లదే. గొర్ల మంద ఉన్న ఇంట్లో పుట్టినవాడు కదా, వాడికి అంతకంటే ధర్మమైన పద్ధతి లోకంలో లేదు.

"పిచ్చోడా, కార్జాన్ని ముక్కలు కోస్తరు. కత్తిని కోస్తవా?" అన్నాను.

"కొయ్యుడెందుకు? నువ్వే అంటివి గద, మూడు సమానమే అని. సమానమైతే ఏది ఎవలకు పడితే ఏంది?"

లెక్కల మాస్టారికి లెక్కతోనే మూతి కట్టేశాడు. కోదాడవాడు కూడా ఒప్పుకున్నాడు. పోగులు తనే పెడతానన్నాడు. మూడు స్టీలు పళ్లేలు తెచ్చాం. కత్తి ఒక దాంట్లో. దండం, కొన్ని వరహాలు ఒక దాంట్లో. తరగని మందు కుండ, మరికొన్ని వరహాలు మూడో దాంట్లో. చెల్లె ఏమీ అనలేదు. ఆమెను ఎవరూ అడగనూ లేదు. వాటా లేనివాణ్ణి నేనే కాబట్టి గోడ దిక్కు తిరిగి నిలబడ్డాను.

ఎదురుగా క్యాలెండరు. దాని మీద ఏ బొమ్మ ఉందో కూడా నాకిప్పుడు గుర్తు లేదు. కుండ ఎట్లైనా చెల్లెకు పడాలి, అదొక్కటే నా మనసులో ఉంది. వెనక పళ్లేల చప్పుడు, స్థలాలు మారుస్తున్నాడు.

"ఇది ఎవలకు?" అన్నాడు మిర్యాలగూడవాడు. రైసుమిల్లులో బస్తాలు లెక్కపెట్టే గొంతు. ఏ పళ్లెం మీద చెయ్యి పెట్టాడో ఆ గొంతులో ఏమీ తెలియదు.

"నీకే" అన్నాను.

కోదాడవాడు ఊపిరి వదిలాడు. అంటే పోయింది కత్తి కాదు.

"ఇది ఎవలకు?"

కత్తా, కుండా? చెల్లె అంటే ఏమవుతుంది, కోదాడవాడు అంటే ఏమవుతుంది? "తొందరగ చెప్పురా, రాకాసి వస్తది" అన్నాడు మిర్యాలగూడవాడు వెనక నుంచి.

"చెల్లెకు."

తిరిగి చూశాను. ఆమె ముందున్న పళ్లెంలో కత్తి చీటీ ఉంది. కోదాడవాడి ముందు మందు కుండ.

"సరే, సరే" అని వాడే ముందు నవ్వాడు. "పద్ధతి అయిపోయింది కదా, ఇప్పుడు మార్చుకుందాం. చెల్లెమ్మా, కత్తి ఇటివ్వు, కుండ నువ్వు తీసుకో. నీకెందుకది?"

మిర్యాలగూడవాడు అడ్డం పడ్డాడు. "గట్ల నడువది. పడ్డ పోగు మార్చుకుంటే ఆ మాంసం అరగదంటది మా అవ్వ."

"ఇక్కడ మాంసం ఎక్కడుందిరా? చెల్లెమ్మే చెప్పనీ."

వాడికి ఆమె జవాబు తెలుసు. నాకూ తెలుసు. ఎప్పుడూ చెప్పేదే, "తీస్కో అన్నా, నాకేం వద్దు." ఆమె కత్తి చీటీ చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూస్తోంది. నేను ఉండబట్టలేక దూరాను.

"అరే, ఆ కుండ నీ కోసమే పెట్టిన చెల్లె. అది మామూలు కుండ గాదు. తరగదు. ఎంత పోసినా నిండుగనే ఉంటది."

"ఎంత పోసినా తరగదా?"

"తరగదు!"

"అంటే నేను ఎప్పటికి పోస్తనే ఉండాలె."

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దున్నుంచి మురిసిపోయిన తెలివి అంతా ఆ ఒక్క మాటతో మట్టిలో కలిసింది.

"కత్తి నేనే ఉంచుకుంట" అంది.

కోదాడవాడు నవ్వడం ఆపాడు. "నీకు దాన్ని పట్టుకోవడం కూడా రాదమ్మా. ఆటలో, ఆటలో అంటున్నా."

"నేర్చుకుంట."

ఇక నాకు కథ నడపడం తప్ప గత్యంతరం లేదు. రాకాసి తిరిగొచ్చింది. గుహ మూతి దగ్గర నిలబడింది. కోదాడవాడు పాత కత్తితోనే దూకాడు. మామూలుగా దూకేదానికంటే కసిగా దూకాడు. బిళ్లల సంచిలోంచి వాడికి అంకెలు కూడా బాగానే పడ్డాయి. రాకాసి ఒళ్లంతా గాయాలయ్యాయి. మంత్రగాడు కొత్త దండంతో నిప్పులు కురిపించి, ఉన్న మంత్రాలన్నీ ఖర్చుచేసి ఖాళీ అయిపోయాడు. తరవాత రాకాసి వంతు. సంచిలో నా చెయ్యి పెట్టి తీశాను. పంతొమ్మిది.

"వీరుడు పడిపోయిండు" అన్నాను. "ఊపిరి ఉన్నది గానీ లేవలేడు. రాకాసి మళ్ల కొట్టే లోపల నోట్లె మందు పడితే బతుకుతడు. లేకుంటే ఖతం."

కుండ వాడి పక్కనే ఉంది. కానీ పడిపోయినవాడు తనంతట తాను తాగలేడు. రాకాసి కూడా తూలుతోంది, ఇంకొక్క గట్టి దెబ్బ పడితే చస్తుంది. మంత్రగాడి వంతు అయిపోయింది. మిగిలింది చెల్లె వంతు ఒక్కటే.

కోదాడవాడు నిబ్బరంగానే ఉన్నాడు. "పొయ్యి చెల్లెమ్మా, మందు పొయ్యి. తరవాత చూద్దాం."

ఆమె గోడ వదిలేసి ముందుకు జరిగి కూచుంది. చెమటకు వెంట్రుకలు నుదుటికి అతుక్కుపోయి ఉన్నాయి.

"కొడితే ఎంత రావాలె?" అని నన్నడిగింది.

"నీకు కత్తి అలవాటు లేదు. పదిహేడు, ఆపైన రావాలె."

"కొడత."

"ఏంటీ?" కోదాడవాడు మోకాళ్ల మీద లేచాడు. "పదిహేడు ఎక్కణ్ణుంచి వస్తుంది? మందుకు బిళ్ల కూడా తీయక్కర్లేదు కదా, ఊరికే పోస్తే చాలు! ఇన్ని రోజులు పెంచుకున్న మనిషిరా వాడు! ఒరేయ్, చెప్పరా నువ్వైనా!"

వాడి గొంతులో నిజమైన ఏడుపు జీర వినబడింది. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. ఆ వీరుణ్ణి వాడు వారం వారం కోదాడ నుంచి మోసుకొచ్చాడు. ల్యాబ్‌లో ఎవడో గదమాయించిన మరునాడు ఇక్కడ రాకాసుల తలలు నరికేవాడు. మిర్యాలగూడవాడు కూడా మెత్తబడ్డాడు. "పొయ్యి చెల్లె, పాపం" అన్నాడు. నేను కథ చెప్పేవాణ్ణి, నేను ఏమీ అనకూడదు. అయినా నాలుక చివరి దాకా వచ్చింది, పొయ్యవే తల్లీ అని.

"కొడత అన్న గద" అని సంచిలో చెయ్యి పెట్టింది.

లోపల బిళ్లలు గలగలమన్నాయి. ఒకటి తీసి, గుప్పిట మూసే నా అరచేతిలో పెట్టింది. నేను పక్కకు తిరిగి చూశాను.

నాలుగు.

ఆ బిళ్ల నా చేతిలో ఉన్నంత సేపు నేను అనుభవించిన నరకం ఎవరికీ చెప్పలేదు. ఇది నేను తప్ప ఇంకెవరూ చూడరు. పద్దెనిమిది అని సంచిలో వేసేస్తే అడిగేవాడు లేడు. రాకాసి చస్తుంది, వీరుడు బతుకుతాడు, చెల్లె గెలుస్తుంది, ఆదివారాలు మిగులుతాయి. ఒక్క మాట అంటే నాలుగు పనులు. ఆమెకు ఇన్నాళ్లూ అందనిది ఒక్క మాటతో అందించినట్టు అవుతుంది. నోరు తెరిచాను కూడా.

ఆమె నా గుప్పిట దిక్కు చూడటం లేదు. నా మొహం దిక్కే చూస్తోంది. పేషెంటు జ్వరం చూసేటప్పుడు చూస్తుందే, అట్లా. పద్దెనిమిది అంటే ఆమెకు తెలిసిపోతుంది. ఆమె తనంతట తాను తీసుకున్నది మొదటిసారి ఆ కత్తే. దాంతో వేసిన దెబ్బ కూడా నేను పెట్టిన భిక్షే అయితే ఇంకేం మిగిలింది?

"నాలుగు" అన్నాను. బిళ్ల చాప మీద అందరికీ కనబడేలా పెట్టాను. "కత్తి రాయికి తగిలింది. రాకాసి తప్పించుకున్నది."

తరవాత రాకాసి వంతు. ఆ మాట కూడా నేనే చెప్పాలి. చెప్పాను. వీరుడు చచ్చిపోయాడు.

కోదాడవాడు చాప మీది బిళ్ల దిక్కు చూస్తూ ఉండిపోయాడు. నేను ఆమెకు దోచిపెట్టలేదని వాడికి కళ్లారా కనబడుతోంది, కానీ అది ఓదార్పు ఎట్లవుతుంది? లేచి, గోడకున్న బ్యాగు తీసుకున్నాడు. బయటికి పోయి చెప్పులేసుకున్నాడు. మళ్లీ గడప దాకా వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక్కటి అడుగుతా. మందు పోసుంటే బతికేవాణ్ణి కదా?"

"బతికేటోనివే అన్నా."

"మరి?"

"నాకు కొట్టాలనిపించింది."

వాడు ఏదో అనబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. రెండేళ్ల నుంచి ఆమె పోసిన మందుతో బతికినవాడు, ఆమెను సరిగా చూడటం అదే మొదలేమో. "సరే" అని మాత్రం అని వెళ్లిపోయాడు. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. కోదాడ బస్సు వేళయింది. మిర్యాలగూడవాడు నా భుజం మీద చెయ్యి వేసి, "వాని దిమాక్ జర చల్లబడనియ్యి" అని వాడి వెనకే పోయాడు.

ఇంట్లో ఇద్దరమే మిగిలాం. కరెంటు ఇంకా రాలేదు. పళ్లేలు ఎత్తి వంటింట్లో పెట్టాను, గట్టిగానే చప్పుడు చేస్తూ. కోపం ఎవరి మీదో నాకే తెలియదు. వచ్చి ఆమె ముందు నిలబడి కడిగేశాను.

"ఒక్క సీసా పోస్తే అయిపోవు గద! డిగ్రీ సంది దోస్తు వాడు. ఇప్పుడు వాడు వస్తడో రాడో. నువ్వెట్లాగూ పోతున్నవు. ఇగ ఆట ఖతం, నీకు తృప్తేనా?"

"పొద్దున్నుంచి దవాఖానల పోసొచ్చిన అన్నా" అంది, గొంతు పెంచకుండా. "ఒకామె కొడుక్కు సెలైన్ పెట్టిన, ఒక తాత కక్కుకుంటే కడిగిన. అది నా నౌకరీ, నేనే కోరుకున్న. మంచిగనే చేస్త. గీడికి వచ్చినంక గూడ నేనే పొయ్యాల్నా? నువ్వు సుత ఒక్కనాడన్న అడిగినవా, నీకేం గావాల్నే అని?"

ఆమె ముందు కూలబడ్డాను. బయట ఎవరో నీళ్ల బిందెలు దించుతున్నారు.

తరవాత ఆమె కత్తి చీటీని నాలుగు మడతలు పెట్టి ఫోన్ కవరులో దోపుకుంది.

"ఆ రాకాసి ఇంక బతికే ఉన్నది గద?" అని అడిగింది.

"ఉన్నది. నీ దిక్కే తిరిగింది."

"నా వంతు మళ్ల ఎప్పుడు?"

"వంతు ఏందే, ఆడేటోళ్లుంటే గద వంతు. వాళ్లు రాకుంటే?"

"వాళ్లు వస్తరో రారో వాళ్ల ఇష్టం. నేను అడిగేది నా వంతు."

"వచ్చే ఆదివారం" అన్నాను.

ఆమె ఫోన్ తీసి నంబరు నొక్కింది. అటు ఎత్తేలోపల చాప మీదున్న ఆ బిళ్లను తీసి సంచిలో వేసింది.

"మేడం, ఆదివారం మధ్యానం డ్యూటీ నేను చేస్త అన్న గద, అది నాకొద్దు మేడం. ఇంకెవలనన్న అడుగుండ్రి."

అవతల ఏదో అడిగారు.

"లేదు మేడం, ఇంట్ల ఎవలకేం గాలేదు. అందరు మంచిగనే ఉన్నరు. నాకు ఆట ఉన్నది."